ఎనిమిది వాట్లు – ఒక సినిమా హాలు

పాత వాల్వు రేడియోలను, రేడియోగ్రాములను అమ్మివేయక, పారవేయక భద్రముగ దాచుకొన్న కుటుంబములు మన ఊళ్లలో నేటికిని కొన్ని కలవు. అట్టి ఒక మిత్రుని ఇంట జరిగిన సంగతితో ఈ ప్రసంగమును మొదలిడెదము. ఆయన తండ్రిగారి నాటి రేడియోగ్రాము పెట్టెకు చెద పట్టినది. లోపలి యంత్రము మాత్రము బాగుగనే యున్నది. పెట్టె పోయినంతమాత్రమున పాట పోనేల యని మా మిత్రుడు ఆంప్లిఫయరును విడిగ తీయించి, శుభ్రపరపించి, అంగడినుండి చూడముచ్చటయైన ఒక చిన్న స్పీకరు పెట్టెను తెచ్చి దానికి తగిలించెను. మమ్ము పిలిపించెను.

వీణ రికార్డు పెట్టితిమి. తారస్థాయి సన్నగ వినవచ్చినది. మంద్రస్థాయి ఎక్కడనో గోడ అవతల మ్రోగుచున్నట్లుండెను. ధ్వని పెంచుటకు మీట త్రిప్పినకొలది, మీటు గట్టిగ పడినచోటనెల్ల నాదము చిట్లిపోవుచుండెను. రేడియో స్టేషనులో ఇన్నేండ్లు పనిచేసిన వారమను ధీమాతో మేము తడుముకొనక తీర్పు చెప్పితిమి: అవుట్‌పుట్ వాల్వు నీరసించినది, మార్చవలెనని. పాత రకపు వాల్వు వెదకి తెప్పించుటకు మూడు వారములు పట్టినది. మార్చి చూచితిమి. మార్పేమియు లేదు. మిత్రుడు మర్యాదస్థుడు గనుక మిన్నకుండెను. వారి అమ్మగారు మాత్రము, "ఆయన ఉన్న రోజుల్లో వీధి మొగదాకా వినపడేది నాయనా, ఇప్పుడేమయిందో!" అనిరి.

ఆ తల్లి మాటలో కొంత అతిశయోక్తి యుండవచ్చును గాని అసత్యము లేదు. దోషము వాల్వునందు లేదు. దానికి మేము కుదిర్చిన జోడునందున్నది. ఈ సంగతి మాకు తోచక పోవుటకు కారణము, ఆంప్లిఫయరునకును స్పీకరునకును నడుమ దాదాపు నూరేండ్లనుండి సాగుచున్న ఒక ఒడంబడికను మేము మరచుటయే. ఆ చరిత్రను తెలిసికొన్నచో పాత వాల్వు సెట్లు ఎన్నియో చెత్తబుట్ట పాలుగాకుండ నిలుచును.

ఇంటి రేడియోలోని ఒంటి అవుట్‌పుట్ వాల్వు ఇచ్చు శక్తి సామాన్యముగ 2 నుండి 5 వాట్లు. ఇది తీగలలో ప్రవహించు విద్యుచ్ఛక్తి. మన చెవికి చేరునది ఇది కాదు. స్పీకరులోని తీగచుట్ట కదలి, దానికి అంటుకొన్న కాగితపు కోను కదలి, ఆ కోను గాలిని కదపినప్పుడు మాత్రమే ధ్వని పుట్టును. ఈ మార్పిడిలో ఎంత మిగులునని లెక్క చూచినచో, సామాన్యమైన కోను స్పీకరునందు నూటికి ఒక పాలు. తక్కినది యంతయు తీగచుట్టను వేడిచేయుటకే వ్యయమగును. నాలుగు వాట్లు పంపినచో మూడు వాట్ల తొంబదియారు పాళ్లు వేడి, నాలుగు పాళ్లు పాట. ఇంతటి దుబారా మరి ఏ గృహోపకరణమునందైనను మనము సహింతుమా?

దీనికి మూలము గాలి తేలికదనము. దూదిమూటను సుత్తితో మోదినట్లు, కోను ఎంత బలముగ కదలినను గాలి ఆ బలమును అందుకొనలేక పక్కకు తప్పుకొనును. చేని గట్టుమీదనుండి దూరాన నున్న వానిని కేకవేయు రైతు రెండు చేతులను దోసిలిగ నోటికి అడ్డుపెట్టుకొనును. చేతులు బలమునేమియు చేర్చవు, ఉన్న బలమును గాలికి అప్పగించు దారిని చక్కజేయును. కొమ్ముబూరయు, నాదస్వరము చివరి వెడల్పును, గ్రామఫోను బాకాయు చేయు పని ఇదియే. సన్నని మొదలునుండి క్రమముగ విచ్చుకొను గొట్టములో గాలి తప్పించుకొనలేదు. ఒక చిన్న పొర కదలికను అది పెద్ద నోటికి చేర్చును.

అందుచేతనే విద్యుత్తు బలము మిక్కిలి తక్కువగానున్న దినములలో లౌడ్ స్పీకరు బాకాతోనే జన్మించినది. కాలిఫోర్నియాలో పీటర్ జెన్సెన్, ఎడ్విన్ ప్రిధమ్ అను ఇరువురు 1915లో అయస్కాంతక్షేత్రమున కదలు తీగచుట్టకు బాకా తగిలించి, దానికి మాగ్నవాక్స్ అని పేరిడిరి. ఆ పేరునకు లాటిను భాషలో గొప్ప గొంతు అని అర్థము. 1919లో అమెరికా అధ్యక్షుడు వుడ్రో విల్సన్ శాన్ డియాగో నగరపు క్రీడాప్రాంగణమున దాదాపు 50,000 మందిని ఉద్దేశించి మాటలాడినది ఈ గొంతుతోనే. బాకా ఏ వంపున విచ్చుకొనవలెనను గణితమును అదే 1919లో ఆర్థర్ వెబ్‌స్టర్ ప్రకటించెను; 1924లో హానా, స్లెపియన్ అనువారు దానిని స్పీకరు నిర్మాణమునకు అన్వయించిరి. అంతకుముందు బాకాలు చూపునకు అందమైన ఆకృతులే గాని లెక్కకు నిలిచినవి కావు.

1925లో కథ రెండు దారులుగ చీలినది. జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో పనిచేయుచున్న చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ బాకా అక్కరలేని స్పీకరును లోకమునకు చూపిరి. చిన్న కాగితపు కోను, దాని వెనుక తీగచుట్ట, చుట్టును ఒక పలక – అంతే. నేడు మన రేడియోలలోను, టెలివిజన్లలోను, కారులలోను మ్రోగునవన్నియు దాని సంతతియే. బాకాలు కొన్ని స్వరములను హెచ్చించి కొన్నింటిని మ్రింగివేయుచుండగా, ఈ కోను అన్ని స్వరములను ఇంచుమించు సమముగ పలికెను. అయితే ఈ సమత్వమునకు మూల్యము ఒకటి కలదు. గొంతు మెత్తనైనది. కనుకనే వారిరువురును తమ పత్రములో స్పీకరుతోపాటు దానిని నడపగల ఆంప్లిఫయరు నిర్మాణమును గూడ వివరించిరి. 1926లో విక్రయమునకు వచ్చిన రేడియోలా 104 అను స్పీకరు పెట్టెలోనే దాదాపు ఒక వాటు ఆంప్లిఫయరు నిమిడియుండెను. కోను స్పీకరు పుట్టినప్పుడే తనకు తోడుగ వాట్లను అడిగినదన్నమాట. ఆనాటి ఇండ్లలో బాటరీలతో నడచు సెట్లు ఈయగలిగిన శక్తి అంతకంటె ఎంతయో తక్కువ.

ఇంటికి ఒక వాటు చాలవచ్చును. వేయిమంది కూర్చుండు హాలుకు? ఈ ప్రశ్న 1926 ఆగస్టు 6వ తేదీన న్యూయార్కులో వార్నర్ సోదరులు 'డాన్ హువాన్' చిత్రమును వైటాఫోను సంగీతముతో ప్రదర్శించిననాడు అత్యవసరమైనది. మరుసటి యేడు 'ది జాజ్ సింగర్' వచ్చిన పిదప ప్రపంచమంతట సినిమా హాళ్ల యజమానులు స్పీకర్లకై పరుగులెత్తిరి. సమాధానమును బెల్ ప్రయోగశాలలో ఎడ్వర్డ్ వెంటే, ఆల్బర్ట్ థూరాస్ సిద్ధపరచిరి. వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థ 555 అను అంకెతో తయారుచేసిన ఆ యంత్రము పిడికిలికి కొంచెము పెద్దది. పలుచని అల్యూమినియపు పొర, దానికి ముందు గాలిని సన్నని సందుగుండ నొక్కి బాకాలోనికి పంపు అమరిక, వెనుక బలమైన విద్యుదయస్కాంతము. 1928లో వారు ప్రకటించిన పత్రములో దీని సామర్థ్యము సెకనుకు 60 నుండి 7,500 కంపనముల వరకు నూటికి 10 మొదలు 50 పాళ్లని చెప్పిరి; తక్కిన స్పీకర్లకు సగటున ఒక పాలు మాత్రమే. ఇట్టి వ్యత్యాసము మేలుపరచుట అనుదానిని దాటిపోయినది. ఇది వేరొక జాతి యంత్రము. నత్తగుల్లవలె చుట్టలు తిరిగిన పెద్ద చెక్క బాకాలకు దీనిని బిగించి, తెరవెనుక నిలిపిరి.

1933లో అదే వెస్టర్న్ ఎలక్ట్రిక్ 300-ఎ అను వాల్వును, 1938లో దాని రూపాంతరమగు 300-బి వాల్వును వెలువరించినది. చిన్న సినిమా హాళ్లకొరకు తయారైన 91-ఎ ఆంప్లిఫయరునందు ఈ జాతి వాల్వు ఒక్కటే అవుట్‌పుట్ పని యంతయు చేసెడిది. దాని శక్తి సుమారు ఎనిమిది వాట్లు! నేటి పెండ్లి పందిటిలోని సౌండు సెట్టు మనుష్యులకు ఈ అంకె చెప్పినచో నవ్వుదురు. లెక్క వేసి చూతము. బాకా నూటికి 30 పాళ్లు ధ్వనిగ మార్చునని అనుకొన్నచో ఎనిమిది వాట్లనుండి రెండు వాట్ల నలుబది పాళ్ల స్వచ్ఛమైన ధ్వని వెలువడును. మనము మామూలుగ మాటలాడునప్పుడు నోటినుండి వెలువడు ధ్వనిశక్తి వాటులో లక్షవ వంతు ప్రాంతముననుండును. కనుక రెండు వాట్ల ధ్వని యనగా చిన్న హాలును నింపి పొర్లునంత. మా మిత్రుని చిన్న పెట్టె సామర్థ్యము నూటికి పావు పాలు. అదే ధ్వనిని దానినుండి రాబట్టవలెనన్న 960 వాట్లు కావలెను. అంతకుముందే దాని తీగచుట్ట కాలిపోవును.

బాకాలకు దోషములు లేవని మేము చెప్పబోము. మంద్రస్వరములకు పెద్ద నోరు కావలెను. సెకనుకు 50 కంపనముల స్వరమునకు గాలిలో తరంగము పొడవు ఇంచుమించు 7 మీటర్లు. దానిని చక్కగ పలుకు బాకా నోటి చుట్టుకొలత అంత యుండవలెను, అనగా రెండు మీటర్లకు మించిన అడ్డుకొలత. గొట్టము పొడవగుకొలది మరొక చిక్కు పుట్టును. 1930వ దశకము నడుమ హాలీవుడ్‌లోని ఎం.జి.ఎం. స్టూడియోలో నర్తకి ఎలినార్ పావెల్ కాలిచప్పుళ్లు తెరవెనుకనుండి ఒకటికి రెండుగ వినబడినవని చెప్పుదురు. మంద్రధ్వని పొడవైన బాకాలో ప్రయాణము చేసి వచ్చుసరికి, పొట్టి బాకానుండి తారధ్వని ముందే చేరిపోవుచుండెను. తాళమునకు రెండవ తాళము తోకగ తగిలినట్లు! డగ్లస్ షియరర్, జాన్ హిల్లియర్డ్, జేమ్స్ లాన్సింగ్ మున్నగువారు కూడి దారి నిడివులను సరిజేసి నిర్మించిన షియరర్ హారన్‌కు 1936వ సంవత్సరపు అకాడమీ సాంకేతిక బహుమానము లభించినది. ఆల్‌టెక్ లాన్సింగ్ సంస్థ 1945లో తెచ్చిన 'వాయిస్ ఆఫ్ ది థియేటర్' స్పీకర్లు ఆ వంశములోనివే.

మన తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' 1932లో తెరకెక్కినది. నూనె ఇంజనుతో కరెంటు తీసికొని డేరాలలో ఆడిన టూరింగు టాకీసులను పెద్దలు ఎరుగుదురు. కరెంటు ప్రతి వాటును లెక్కపెట్టుకొను ఆ పరిస్థితిలో గట్టి గొంతుగల స్పీకరు విలాసము కాదు, అవసరము. మోటారు బాటరీతో నడచు మైకు సెట్టుకు చెట్టుకొమ్మన కట్టిన బాకా గూడ ఆ అవసరమునుండి వచ్చినదే. అయితే ఈ చెట్టుకొమ్మ బాకా అసలు బాకా పేరు చెడగొట్టినదని మా అభిప్రాయము. అది మోయుటకు వీలుగ మడతవేసిన పొట్టి బాకా. మంద్రస్వరములు దానిలో పుట్టనే పుట్టవు. తెల్లవారుజామున సన్నాయిని చీమిడి ముక్కుతో విన్న మనకు, సినిమా హాలు బాకా ఎంత నిండుగ పలుకునో చెప్పినను నమ్మకము కలుగదు.

ఇండ్లలోనికి ఈ సామర్థ్యమును తెచ్చుటకు పాటుపడినవారు ఇరువురిని తలచవలెను. ఇంగ్లండులో పాల్ వోయిట్ 1930వ దశకమున గది మూలలో నిలుపదగిన బాకాను రూపొందించెను. ఆయన మార్గమును లోథర్ సంస్థ తరువాత కొనసాగించినది. అమెరికాలో, అర్కాన్సా రాష్ట్రమునందలి హోప్ అను చిన్న ఊరిలో, పాల్ క్లిప్ష్ 1946లో ఒక సంస్థను స్థాపించి బీరువాయంత బాకా పెట్టెను అమ్మ నారంభించెను. ఇందులోని చమత్కారము గది మూలయే. మూలలో కలియు రెండు గోడలును, నేలయును బాకాకు కొనసాగింపుగ పనిచేయును. చెక్కతో కట్టవలసిన మిగిలిన నోటిని తాపీమేస్త్రీ ముందే కట్టి యుంచినాడన్నమాట. దేశమునకు కావలసినది మంచి ఐదు వాట్ల ఆంప్లిఫయరొక్కటే యని క్లిప్ష్ అనుచుండెడివాడు. ఆయన వాదన పొదుపు ఒక్కటే కాదు. సామర్థ్యముగల స్పీకరులో పొర అతి తక్కువగ కదలును; తక్కువగ కదలినది తక్కువగ తప్పు పలుకును.

గాలి మరొక వైపునకు మళ్లుట 1954లో. మసాచుసెట్సులోని కేంబ్రిడ్జిలో ఎడ్గార్ విల్చర్, హెన్రీ క్లాస్‌తో కలిసి గాలిచొరని చిన్న పెట్టెలో స్పీకరును బిగించి, లోపల చిక్కిన గాలినే స్ప్రింగుగ వాడుకొనెను. పుస్తకముల అరలో పట్టు పెట్టెనుండి అంతటి మంద్రనాదము పూర్వమెవ్వరును వినలేదు. వినినవారు ముగ్ధులైరి, అందులో తప్పు లేదు. కాని ఆ మంద్రమును కొనుటకు సామర్థ్యమును అమ్ముకొనవలసి వచ్చినది. క్లాస్ తరువాత స్థాపించిన సంస్థలో భాగస్వామియగు ఆంటన్ హాఫ్‌మన్ దీనిని ఒక నియమముగ చెప్పెను: చిన్న పెట్టె, లోతైన మంద్రము, గట్టి గొంతు – ఈ మూటిలో రెండింటిని కోరుకొనుము, మూడవది నీది కాదు. 1961లో ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ ప్రకటించిన గణితముతోడను, ఆ తరువాత రిచర్డ్ స్మాల్ దానిని విస్తరింపజేసిన పనితోడను ఈ నియమమునకు గట్టి రూపము వచ్చినది. ఒకే రకపు అమరికలో మంద్రమును ఒక స్థాయి క్రిందికి దింపవలెనన్న, పెట్టెను ఎనిమిది రెట్లైనను పెంచవలెను, లేదా సామర్థ్యము ఎనిమిదవ వంతునకు దిగుటకైనను ఒప్పుకొనవలెను. బేరమాడుటకు ఇక్కడ తావు లేదు.

1958లో స్టీరియో రికార్డులు రాగా ఇంటికి ఒక పెట్టె చాలక రెండు కావలసినవి. రెండు బీరువాలను ముందుగదిలో ఉంచుటకు ఏ ఇల్లాలు ఒప్పుకొనును? ఇంతలో ట్రాన్సిస్టరు వాట్ల ధరను నేలకు దించినది. ఐదు వాట్లకు లెక్కలు కట్టిన చోట యాబది, నూరు వాట్లు సులభమైనవి. వాట్లు చవుకయైన పిదప స్పీకరు తిండిపోతైనను ఎవరికిని పట్టింపు లేకపోయినది. పాత హాళ్లలోని బాకాలు, వాల్వు ఆంప్లిఫయర్లు తుక్కుబేరమునకు పోయినవి. వాటిలో అనేకము 1970 ప్రాంతములనుండి జపానుకు ఓడలెక్కినవి. చిన్న ఇండ్లలో నివసించు జపాను సంగీతప్రియులు హాలు బాకాలను గదులలో ఇరికించుకొని, ఒంటి వాల్వు ఆంప్లిఫయరుతో వినుచు, అమెరికావారు మరచినదానిని కాపాడిరి. ఆ అభిరుచి ఫ్రాన్సునకును, పిదప తిరిగి అమెరికాకును ప్రాకినది. 1930వ దశకమున హాళ్లకొరకు పుట్టిన 300-బి వాల్వు నేటికిని కొత్తగ తయారగుచున్నది.

మా మిత్రునివంటి వారు అడుగునది చరిత్ర కాదు, ఏ స్పీకరు కొనవలెననియే గదా. స్పీకరు వివరపత్రములో గ్రాహకత, లేదా సెన్సిటివిటీ, అను అంకె యుండును. ఒక వాటు పంపి, ఒక మీటరు దూరమున కొలిచిన ధ్వని ఎన్ని డెసిబెల్లు అని దాని అర్థము. మూడు డెసిబెల్లు పెరుగుట యనగా ఆంప్లిఫయరును రెట్టింపు చేసికొనుటతో సమానము. పది పెరిగినచో పది రెట్లు. 86 డెసిబెల్ల పెట్టె స్థానమున 96 డెసిబెల్ల స్పీకరు ఉంచినచో నాలుగు వాట్ల సెట్టు నలుబది వాట్ల సెట్టువలె పనిచేయును. పైసా ఖర్చులేకుండ ఇంతటి లాభము వాల్వులు మార్చుటవలన ఎన్నటికిని రాదు. మాకు తోచినంతలో, ఓ మోస్తరు గదిలో ఎనిమిది వాట్లకు 92, నాలుగు వాట్లకు 95, రెండు వాట్లకు 98 డెసిబెల్లకు తగ్గకుండ చూచుకొన్నచో సుఖముగ వినవచ్చును. సంగీతములో ఉన్నట్టుండి ఎగయు మృదంగపు దెబ్బ సగటు ధ్వనికంటె పదునైదు, ఇరువది డెసిబెల్లు మించును. ఈ అంకెలలో ఆ దెబ్బకు చోటు విడిచినాము.

ఆ అంకెలో ఒక మోసమున్నది. కొందరు ఒక వాటుకు బదులు 2.83 ఓల్టులు పంపి కొలుతురు. ఎనిమిది ఓముల స్పీకరులో అది సరిగ ఒక వాటే. నాలుగు ఓములదానిలో రెండు వాట్లగును. అట్టి స్పీకరుకు అచ్చువేసిన 92 డెసిబెల్లలో మూడు తీసివేసి, 89 గ చదువుకొనవలెను. ఓముల అంకె ఆంప్లిఫయరు అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరునకు గూడ కుదరవలెను. 4, 8, 16 అని గుర్తులున్నచో స్పీకరు అంకెకు సరిపడు కొనకే తగిలించవలెను. పైగా స్పీకరు ఓములు స్వరమునుబట్టి మారుచుండును. ఒంటి ట్రయోడు వాల్వు, అందును ఫీడ్‌బాక్ లేని అమరికలో, ఈ హెచ్చుతగ్గులను అదుపు చేయలేదు; స్పీకరు ఎక్కడ ఎత్తు చూపునో అక్కడ ధ్వనియు ఎత్తుగ పలుకును. కనుక ఓములు ఎక్కువగ ఊగులాడనిదానిని, నాలుగు ఓములకు దిగువకు జారనిదానిని ఎన్నుకొనుట మేలు.

అంకె ఎంత పెద్దదైన అంత మంచిదనుకొనుటయు పొరపాటే. నూరు డెసిబెల్లు మించిన బాకా ముందు కూర్చున్నచో పాటతోపాటు ఆంప్లిఫయరు గురకయు వినవలసి వచ్చును. వాల్వు తంతువును వేడిచేయు కరెంటు హుంకారము, చిన్న పెట్టె మ్రింగివేయునది, బాకాలో బట్టబయలగును. అందుచేత మామూలు ఇంటికి పది లేక పండ్రెండు అంగుళముల వెడల్పుగల, తేలిక కాగితపు కోను, పెద్ద అయస్కాంతముగల స్పీకరును విశాలమైన పెట్టెలో పెట్టుటయే మధ్యేమార్గమని మా సలహా. పాత రేడియోగ్రాములలో నుండినది ఇదియే.

పాత స్పీకరును విప్పువారికి హెచ్చరిక ఒకటి. శాశ్వతాయస్కాంతములు బలహీనముగనుండిన రోజులలో స్పీకరు వెనుక విద్యుదయస్కాంతపు చుట్టను ఉంచి, ఆ చుట్టనే సెట్టు కరెంటును చదునుచేయు చోకుగ గూడ వాడెడివారు. అట్టి సెట్టులో స్పీకరు తీసివేసినచో సెట్టే మూగవోవును. ఆ తీగలలో వందల ఓల్టులుండును; స్విచ్చి ఆర్పిన పిదపను కండెన్సర్లలో కొంతసేపు నిలిచియుండును. తెలిసినవాని చేతనే చేయించవలెను. స్పీకరు తగిలించకుండ వాల్వు ఆంప్లిఫయరును నడిపినచో ట్రాన్స్‌ఫార్మరు లోలోపల మాడిపోవు ప్రమాదమును కలదు.

మా మిత్రుని సెట్టులో అదృష్టవశమున శాశ్వతాయస్కాంతమే యుండెను. అటకమీద గోనెసంచిలో చుట్టిపెట్టిన పాత పది అంగుళముల స్పీకరును దింపించితిమి. కోను అంచున చిన్న చిరుగు. పలుచని కాగితమును జిగురుతో అతికితిమి. వడ్రంగిచేత చెదపట్టని చెక్కతో, మునుపటి కొలతలకే కొత్త పెట్టె చేయించి, గది మూలకు జరిపి, మేము నిందించిన ఆ పాత వాల్వునే తిరిగి దిగించి, అదే వీణ రికార్డు పెట్టితిమి. ధ్వని మీట సగము దాటకమునుపే అమ్మగారు వంటయింటినుండి వచ్చి, "కాస్త తగ్గించండి నాయనా, పక్కింట్లో పిల్ల పరీక్షలకు చదువుకుంటోంది" అనిరి.